లోపలికి రావడానికి లక్షలు, లోపల ఉండటానికి వేలు: బెంగళూరులో ఏ పన్ను న్యాయం?

బెంగళూరులో ఏప్రిల్ వచ్చిందంటే అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపులు వేడెక్కుతాయి. నెలాఖరులోపు ఏడాది ఇంటి పన్ను మొత్తం కట్టేస్తే 5 శాతం తగ్గింపు ఉంటుంది కాబట్టి అందరికీ ఒకేసారి పన్ను గుర్తొస్తుంది. వెబ్‌సైటు తెరుచుకోవడం లేదని ఒకరు, నిరుటి కంటే ఎక్కువ చూపిస్తోందని ఇంకొకరు, గుంతలు పూడ్చలేని వాళ్ళకు పన్నెందుకు కట్టాలని మరొకరు. మారతహళ్ళి, బెళ్ళందూరు, వైట్‌ఫీల్డ్ వైపు ఈ గొడవలో సగం తెలుగులోనే నడుస్తుంది. ఆ కోపంలో అబద్ధం లేదు. కాకపోతే ఈ మనుషులే ఫ్లాటు రిజిస్ట్రేషన్ రోజున ఇంతకు వంద రెట్లకు పైగా సర్కారుకు కట్టి, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు బయట ఫొటో దిగి, స్వీట్లు పంచుకుని ఇంటికొచ్చారు.

వంద రెట్లు అన్నది మాటవరసకు కాదు. లెక్క వేసి చూడొచ్చు.

బెంగళూరులో 2008 నుంచి ఇంటి పన్నును చదరపు అడుగుల లెక్కన వేస్తున్నారు. రిజిస్ట్రేషన్ శాఖ ఒక్కో ప్రాంతానికి కట్టే కనీస ధర, అంటే గైడెన్స్ వాల్యూని బట్టి ఊరిని ఏ నుంచి ఎఫ్ దాకా ఆరు జోన్లుగా విడగొట్టారు. ఒక్కో జోనుకు అడుగుకు నెలకు ఇంత అని ఒక రేటు. ఆ రేటును ఇంటి విస్తీర్ణంతోనూ, తర్వాత పదితోనూ హెచ్చవేస్తారు. ఏడాదికి పన్నెండు నెలలున్నా లెక్క పది నెలలకే. (ఇంటి ఓనర్లు అద్దెకొచ్చేవాళ్ళను అడిగే అడ్వాన్సు కూడా మొన్నమొన్నటి దాకా పది నెలలదే. ఆ అంకె మీద ఈ ఊరికి ఏదో మమకారం ఉన్నట్టుంది.) అందులోంచి కట్టడం వయసును బట్టి తరుగుదల తీసేసి, మిగిలినదాంట్లో నివాసానికైతే 20 శాతం పన్ను, ఆ పన్ను మీద మళ్ళీ నాలుగో వంతు దాకా సెస్సులు వేస్తారు.

1,200 చదరపు అడుగుల ఫ్లాటు, సొంతానికి ఉంటున్నది, రేటు అడుగుకు 2 రూపాయలు అనుకుందాం. పది నెలలకు 24,000. తరుగుదల పదో వంతు పోతే 21,600. అందులో 20 శాతం 4,320. సెస్సులు కలిస్తే ఏడాదికి సుమారు 5,400 రూపాయలు. అదే ఫ్లాటు మెయింటెనెన్స్ అడుగుకు 4 రూపాయల చొప్పున నెలకు 4,800 అవుతుంది. అంటే లిఫ్టుకీ, సెక్యూరిటీకీ, జెనరేటరుకీ నెలన్నర లోపు కట్టేంత డబ్బుతో ఊరికి ఏడాది పన్ను తీరిపోతుంది.

ఇప్పుడు ఆ ఫ్లాటు ధర కోటి రూపాయలు అనుకుందాం. కర్ణాటకలో 45 లక్షలు దాటిన ఆస్తికి స్టాంపు డ్యూటీ 5 శాతం. రిజిస్ట్రేషన్ ఫీజు 1 శాతం ఉండేది, 2025 ఆగస్టు 31 నుంచి 2 శాతం చేశారు. కోటికి 7 లక్షలు. స్టాంపు డ్యూటీ మీద సెస్సు, సర్‌ఛార్జి వేరే. 7 లక్షల్ని 5,400తో భాగిస్తే దాదాపు 130. నూట ముప్ఫై ఏళ్ళ ఇంటి పన్నును ఒక్క పూటలో కట్టేశారన్నమాట. కట్టడం పూర్తికాని ఫ్లాటు కొంటే పైన 5 శాతం జీఎస్టీ, ఇంకో 5 లక్షలు.

ఇంత తేడా ఉన్నా తిట్లు తినేది 5,400 పన్నే. దానికో కారణం కనిపిస్తుంది. స్టాంపు డ్యూటీ ఇంటి ధరలో కలిసిపోయి బ్యాంకు లోను, పొదుపు, నాన్న పంపిన డబ్బు అన్నిటితో పాటు వెళ్ళిపోతుంది. ఆదాయపు పన్ను జీతం చేతికి రాకముందే కోసేస్తారు. జీఎస్టీ సబ్బులో, రీఛార్జిలో, హోటల్ బిల్లులో కరిగి ఉంటుంది. ఇంటి పన్ను ఒక్కటే మనిషి తనంతట తాను కూర్చుని, లెక్క చూసుకుని, ఖాతాలో ఉన్న డబ్బు తీసి కట్టాల్సింది. కంటికి కనపడే పన్ను గనక అది ఎక్కువ అనిపిస్తుంది. ఎక్కువో తక్కువో, న్యాయమో అన్యాయమో తేల్చాలంటే మిగతా పన్నుల పక్కన పెట్టి చూడాలి.

ఒకే జీతం, రెండు బతుకులు

ఒకే కంపెనీలో ఒకే జీతానికి పనిచేసే ఇద్దరిని తీసుకుందాం. ఒకరికి బాణసవాడిలో తండ్రి కట్టిన ఇల్లుంది. ఇంకొకరు అనంతపురం నుంచి వచ్చి కగ్గదాసపురలో నెలకు 30,000 అద్దె కడుతున్నారు. ఆదాయపు పన్ను కొత్త విధానంలో ఇంటి అద్దె భత్యానికి మినహాయింపు లేదు గనక ఇద్దరికీ ఒకే పన్ను. కానీ అద్దె మనిషి చేతిలోంచి ఏడాదికి 3,60,000 వెళ్ళిపోతోంది. సొంతింటి మనిషికి అంత విలువైన నివాసం ఊరికే దొరుకుతోంది. ఆ మేలు మీద ఆదాయపు పన్ను లేదు. సొంతానికి ఉంటున్న ఇంటి అద్దె విలువను చట్టం సున్నా అంటుంది, 2019 నుంచి రెండు ఇళ్ళ దాకా. ఇల్లు అద్దెకిచ్చినా, వచ్చిన అద్దెలో మున్సిపల్ పన్ను తీసేశాక 30 శాతం ఖర్చుల కింద వదిలేస్తుంది. బిల్లులేవీ చూపించక్కర్లేదు. జీతగాడికి ఇచ్చే స్టాండర్డ్ డిడక్షన్ కొత్త విధానంలో 75,000 దగ్గర ఆగుతుంది, అద్దె మీద 30 శాతానికి పైకప్పు లేదు.

ఆస్తి ఉన్నవాడికీ లేనివాడికీ మధ్య తేడాను గుర్తించే పన్నులు మన దేశంలో ఒకప్పుడు ఉండేవి. చనిపోయినవారి ఆస్తి మీద వేసే ఎస్టేట్ డ్యూటీని 1985లో ఎత్తేశారు. సంపద పన్నును 2015 బడ్జెట్టులో తీసేశారు. రెండూ పెద్దగా వసూలయ్యేవి కావు, తీసేసినందుకు ఎవరూ కన్నీళ్ళు పెట్టుకోలేదు. కానీ దాంతో, ఆస్తిని అమ్మకుండా చేతిలో ఉంచుకున్నందుకు ఏటేటా పడే పన్నుగా మిగిలింది ఇంటి పన్ను ఒక్కటే. బాణసవాడి ఇంటికీ కగ్గదాసపుర అద్దెకూ ఉన్న తేడా తెలిసిన పన్ను ఇదొక్కటే.

తెలిసి అది చేస్తున్నదేమిటో చూడండి. బెంగళూరు లెక్కలో సొంతానికి ఉంటున్న ఇంటి రేటు, అద్దెకిచ్చిన ఇంటి రేటులో సగం. పైన వేసిన లెక్కలో ఓనరే ఉంటే 5,400, అద్దెకిస్తే 10,800. గోడలు అవే, రోడ్డు అదే, చెత్త బండి అదే. ఉంటున్న మనిషి మారితే పన్ను రెట్టింపు. సొంతింటివాడి మీద దయ చూపించడంలో తప్పేమీ లేదని అనిపించొచ్చు. కానీ ఆ దయ పేదా గొప్పా చూడటం లేదు. వైట్‌ఫీల్డ్‌లో నాలుగు పడకగదుల విల్లా యజమానికీ సగమే, విజినాపురలో రెండు గదుల ఇంటివాడికీ సగమే. విల్లా పెద్దది గనక ఆ సగం విలువ కూడా పెద్దది.

ఓనరు మీద పడ్డ ఆ రెట్టింపు చివరికి అద్దెలోకి వస్తుందా అన్నది పాత తగాదా. పన్ను పెంచితే అద్దె పెంచుతామని ఓనర్లంటారు. కొంత నిజమే, ముఖ్యంగా కట్టడం మీద పడే భాగం. కానీ ఈ నగరమే అందుకు ఎదురు సాక్ష్యం కూడా చెబుతుంది. ఇంటి పన్ను రేట్లను చివరిసారి పెద్దగా సవరించింది 2016లో. కోవిడ్ తర్వాత ఆఫీసులు తెరిచి జనం తిరిగొచ్చిన 2022, 2023 సంవత్సరాల్లో బెళ్ళందూరు, మహదేవపుర వైపు అద్దెలు ఎగిసిపడ్డాయి. పన్ను రేటులో ఆ రెండేళ్ళలో అలాంటి మార్పేమీ లేదు. అద్దెను నిర్ణయించింది ఆ గల్లీలో ఖాళీగా ఉన్న ఇళ్ళెన్ని, వాటికోసం తిరుగుతున్న మనుషులెంతమంది అన్నదే. ఓనరు వసూలు చేయగలిగినంత అప్పటికే వసూలు చేస్తున్నప్పుడు, పన్ను పెరిగితే కొంత తన జేబులోంచే పోతుంది. భూమి మీద పడే పన్నుకైతే ఇది మరీ నిజం. పన్నెక్కువైందని ఎవరూ భూమి తయారుచేయడం మానుకోరు కదా.

ఇక జీఎస్టీ. దాని సంగతి త్వరగా ముగించొచ్చు, ఎందుకంటే అది ఎవరినీ ఏమీ అడగదు. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర నిలబడే సెక్యూరిటీ గార్డు ఫోను రీఛార్జి చేయిస్తే 18 శాతం, మూడో అంతస్తులో ఉండే డైరెక్టరు చేయించినా 18 శాతం. 2025 సెప్టెంబరు 22 నుంచి సబ్బు, టూత్‌పేస్టు, తలనూనె లాంటివి 5 శాతంలోకి వచ్చాయి, అది మంచి పని. అయినా గార్డు తన జీతం దాదాపు అంతా ఖర్చు పెడతాడు, డైరెక్టరు సగం దాచుకుంటాడు. దాచుకున్నదాని మీద జీఎస్టీ పడదు. పెట్రోలు జీఎస్టీలోనే లేదు. కర్ణాటక ప్రభుత్వం 2024 జూన్‌లో దాని మీద అమ్మకపు పన్నును 29.84 శాతానికి పెంచింది. కదిరి నుంచో మదనపల్లె నుంచో వచ్చి బండి మీద తిండి డెలివరీ చేసే కుర్రాడికి పెట్రోలే పెట్టుబడి. అతను రోజూ కట్టే పన్నుకు రసీదు లేదు, ఏప్రిల్ తగ్గింపు లేదు, వాట్సాప్ గ్రూపులో గొడవ అసలే లేదు.

గేటు దగ్గర టికెట్టు

స్టాంపు డ్యూటీ అన్యాయం ఇంకో రకం. అది ఉన్నవాడినీ లేనివాడినీ వేరుచేయదు, ముందొచ్చినవాడినీ తర్వాతొచ్చినవాడినీ వేరుచేస్తుంది. 1990ల్లో కోరమంగలలోనో హెచ్.ఎస్.ఆర్. లేఅవుట్‌లోనో సైటు తీసుకున్నవాళ్ళు అప్పటి ధర మీద చిన్న మొత్తం కట్టారు. ఆ తర్వాత ఊరు పెరిగింది, ఐటీ వచ్చింది, సైటు విలువ ఎన్నో రెట్లయింది. వాళ్ళు ఏటా కట్టేది వేలల్లోనే. ఇవాళ నెల్లూరు నుంచో కర్నూలు నుంచో వచ్చి, ఇరవై ఏళ్ళ లోను మీద ఫ్లాటు కొనే కుర్ర జంట గేటు దగ్గరే 7 లక్షలు కట్టి లోపలికి రావాలి. బెంగళూరుకు బతుకుతెరువు కోసం వచ్చిన తెలుగువాళ్ళలో ఎక్కువమంది ఈ రెండో వరసలోనే ఉన్నారు.

దీనికి ట్రాఫిక్‌తో కూడా సంబంధం ఉంది. ఎలక్ట్రానిక్ సిటీలో ఇల్లు కొన్న మనిషికి హెబ్బాళ వైపు ఉద్యోగం వచ్చిందనుకోండి. ఇల్లు అమ్మి అటువైపు కొనుక్కోవాలంటే మళ్ళీ 7 లక్షలు. బ్రోకరు కమీషను వేరే. అందుకే చాలామంది ఇల్లు మారకుండా సిల్క్ బోర్డు జంక్షన్‌లో రోజుకో గంట గడపడానికే సిద్ధపడతారు. కదలడం మీద పన్ను వేస్తే జనం కదలరు. ఊరికే ఉంచుకోవడం మీద పన్ను లేకపోతే ఉంచుకుంటారు. బెంగళూరు పన్నులు ఈ రెంటినీ సరిగ్గా తలకిందులుగా చేస్తున్నాయి.

ఇంకో మాట. స్టాంపు డ్యూటీ రాష్ట్ర ఖజానాకు వెళుతుంది. రాజ్యాంగం ఏడో షెడ్యూలు ప్రకారం భూములు, భవనాల మీద పన్ను కూడా రాష్ట్రాల అధికారమే గానీ, దాన్ని వసూలు చేసుకుని వాడుకునే హక్కు నగర పాలక సంస్థకు ఇచ్చారు. ఆదాయపు పన్ను ఢిల్లీకి పోయి, జీఎస్టీ ఢిల్లీ, రాష్ట్రం మధ్య పంచుకోబడి, ఏ మెలికలు తిరిగి ఏ రోడ్డుకు చేరుతుందో ఎవరికీ తెలియదు. ఇంటి పన్ను మాత్రం ఊళ్ళోనే కట్టి ఊళ్ళోనే ఖర్చయ్యే డబ్బు. గుంత కనపడగానే జనానికి ఇంటి పన్ను గుర్తొచ్చేది, జీఎస్టీ గుర్తురానిది అందుకే. ఈ కోపం ఒక రకంగా ఆ పన్నుకున్న మంచి గుణం. అడగడానికి ఒక అడ్రసుంది.

అడిగితే జవాబు దొరుకుతుందా అన్నది వేరే సంగతి. పాత మహానగర పాలిక కౌన్సిలు గడువు 2020 సెప్టెంబరులో ముగిసింది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఎన్నికలు లేవు, కార్పొరేటర్లు లేరు, అధికారులే నడిపారు. 2025 సెప్టెంబరులో ఊరిని సెంట్రల్, నార్త్, సౌత్, ఈస్ట్, వెస్ట్ అని ఐదు కార్పొరేషన్లు చేశారు. పన్ను బాగా వసూలయ్యే మహదేవపుర ఈస్ట్ కిందికి పోయింది. తక్కువ వసూలయ్యే కార్పొరేషన్ల రోడ్లకు డబ్బెక్కడినుంచి వస్తుందన్నది ముందు ముందు పెద్ద తగాదా అవుతుంది.

మహదేవపుర కథ వింటే పన్ను కట్టేవాళ్ళ కోపం మీద కాస్త జాలి కలుగుతుంది. 2007లో నగరాన్ని విస్తరించినప్పుడు చుట్టూ ఉన్న మున్సిపాలిటీలతో పాటు 110 గ్రామాలను కలిపారు. వాటిలో పలు గ్రామాలు ఇవాళ్టి ఐటీ కారిడార్ చుట్టుపక్కలవే. నగర పన్ను అప్పటినుంచే మొదలైంది. ఆ గ్రామాలకు కావేరి నీళ్ళు తెచ్చే ఐదో దశ ప్రారంభమైంది 2024 అక్టోబరులో. మధ్యలో పదిహేడేళ్ళు ట్యాంకర్లే. 2022 సెప్టెంబరు వానలకు ఔటర్ రింగ్ రోడ్డు చుట్టుపక్కల లేఅవుట్లు మునిగి, ఖరీదైన విల్లాల్లోంచి మనుషుల్ని ట్రాక్టర్ల మీద తరలించారు. పొందిన మేలును బట్టి పన్ను కట్టాలనే సూత్రం ప్రకారం చూస్తే ఇక్కడివాళ్ళకు బాకీ ఉన్నది ఊరే.

కానీ అదే సూత్రాన్ని ఇంకాస్త ముందుకు తీసుకెళితే వేరే బొమ్మ కనిపిస్తుంది. 2023లో పర్పుల్ లైన్ మెట్రో వైట్‌ఫీల్డ్ దాకా వచ్చింది. 2025 ఆగస్టులో ఎల్లో లైన్ ఎలక్ట్రానిక్ సిటీ మీదుగా బొమ్మసంద్ర దాకా వచ్చింది. మెట్రో వస్తోందని తెలిసిన రోజు నుంచే స్టేషన్ల చుట్టూ భూమి ధరలు కదలడం మొదలైంది. ఆ పెరుగుదలలో ఓనరు కష్టం రూపాయంత కూడా లేదు. జనం డబ్బుతో వేసిన పట్టాలవి. దానికి ఖర్చు ఎవరిని అడిగారు? 2025 ఫిబ్రవరిలో మెట్రో గరిష్ఠ టికెట్టును 60 రూపాయల నుంచి 90కి పెంచారు. రైలెక్కేవాడు ఎక్కువ కట్టాడు. స్టేషను పక్కన సైటున్నవాడు జోను రేటు ప్రకారం కట్టేదే కట్టాడు.

సైటు సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. బెంగళూరులో ఏ లేఅవుట్‌లో తిరిగినా, రెండు అపార్ట్‌మెంట్ల మధ్య వయ్యారిభామ పెరిగిన ఖాళీ సైటు ఒకటి, దాని గోడ మీద "ఈ సైటు అమ్మకానికి లేదు" అనే బోర్డు ఒకటి కనపడతాయి. దొంగ రిజిస్ట్రేషన్ల భయంతో పెట్టుకుంటారు, అది అర్థం చేసుకోదగ్గదే. ఖాళీ స్థలాలకూ పన్నుంది, కానీ అడుగుకు నెలకు పైసల్లో ఉంటుంది. ఇల్లు కడితే రూపాయల్లోకి వెళుతుంది. కట్టినవాడికి ఎక్కువ, కట్టకుండా ధర పెరిగేదాకా ఆపినవాడికి తక్కువ. ఊళ్ళో ఇళ్ళు చాలక అద్దెలు పెరుగుతుంటే పన్ను మాత్రం కట్టొద్దనే చెబుతోంది. ఇంటి పన్ను మీద వచ్చే విమర్శల్లో ఈ మాట దాదాపు వినపడదు. విమర్శించేవాళ్ళలో ఒకటో రెండో సైట్లున్నవాళ్ళు తక్కువేమీ కాదు కాబట్టి కాబోలు.

చేతిలో డబ్బు లేని ఆస్తిపరులు

ఇంటి పన్నుకు వ్యతిరేకంగా అన్నిటికంటే బలమైన వాదన ఒకటుంది, దాన్ని తేలిగ్గా తీసేయకూడదు. ఇల్లు డబ్బు కాదు. మల్లేశ్వరంలోనో బసవనగుడిలోనో పాత ఇంట్లో పింఛను మీద బతికే పెద్దావిడ ఉంటుంది. చుట్టూ ధరలు పెరిగి ఆ స్థలం కోట్లు చేస్తుంది. ఆమె నెలసరి ఆదాయం మాత్రం మందులకూ కరెంటుకూ సరిపోతుంది. భూమి ధర పెరగడం ఆమెకు కాగితం మీది మాట. ఆదాయపు పన్ను అయితే ఆదాయం లేదంటే ఊరుకుంటుంది, ఇంటి పన్ను ఊరుకోదు.

రాయలసీమ నుంచి వచ్చినవాళ్ళకు ఈ బాధ తాతలనాటిది. 1800లో దత్తమండలాల ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో అక్కడ రైతు రైతుకూ భూమి కొలిపించి శిస్తు కట్టించాడు. భూమి ఉంది గనక శిస్తు, వాన పడిందా లేదా అన్నది తర్వాతి మాట. కరువొస్తే మాఫీ కోసం అర్జీలు పెట్టుకోవాల్సిందే. రాబడితో పని లేకుండా ఆస్తి మీద వేసే పన్నుకు ఈ గుణం ఎప్పుడూ ఉంటుంది.

అయితే దీనికి మందు పన్నును అందరికీ సగం చేయడం కాదు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో 55 ఏళ్ళు దాటినవాళ్ళు సొంతింటి పన్నును వాయిదా వేసుకోవచ్చు. ఆ బాకీ వడ్డీతో సహా ఇంటి మీద ఉంటుంది, ఇల్లు అమ్మినప్పుడు తీరుతుంది. పెద్దావిడ ఇల్లు వదలక్కర్లేదు, ఊరు తన బాకీ వదులుకోనక్కర్లేదు. బెంగళూరులో అలాంటి వీలుంటే, మల్లేశ్వరం పెద్దావిడను ముందు నిలబెట్టి ఆమె వెనకాల వైట్‌ఫీల్డ్ విల్లాలు దాక్కునే అవకాశం ఉండదు. ఇప్పుడు జరుగుతున్నది ఆ దాక్కోవడమే.

అసలు అన్యాయం ఇంటి పన్ను అనే ఆలోచనలో కంటే దాన్ని లెక్కేసే తీరులో ఎక్కువుంది. ఆరు జోన్లంటే ఆరు మెట్లు. రోడ్డుకు ఒకవైపు ఒక జోను, ఇంకోవైపు ఇంకో జోను అయితే ఎదురెదురు ఇళ్ళవాళ్ళు వేరు వేరు రేట్లు కడతారు. పైగా ఇది ఎవరి లెక్క వాళ్ళే వేసుకుని కట్టే పద్ధతి. 2016లో జోన్లు మారాక పాత జోను ప్రకారమే కడుతూ వచ్చిన వేలమందికి 2021లో బాకీ, జరిమానా, వడ్డీ కలిపి నోటీసులు వెళ్ళాయి. వాళ్ళలో తెలిసి చేసినవాళ్ళున్నారు, వెబ్‌సైటు చూపించింది కట్టేశామన్నవాళ్ళూ ఉన్నారు. మేడ మీద రెండంతస్తులు లేపి కింది అంతస్తుకే పన్ను కట్టేవాళ్ళు, పీజీ నడుపుతూ సొంత నివాసం అని రాసుకున్నవాళ్ళు ప్రతి వీధిలో ఉంటారు. వాళ్ళు ఎగ్గొట్టినది పక్కింట్లో నిజం చెప్పినవాడి మీద పరోక్షంగా పడుతుంది. బి-ఖాతా ఆస్తులవాళ్ళదైతే, అంటే అనుమతులు సరిగా లేవని వేరే రిజిస్టరులో రాసినవాళ్ళదైతే, ఇంకో బాధ. పన్ను అందరిలాగే కట్టాలి, కానీ ప్లాన్ మంజూరుకో బ్యాంకు లోనుకో వెళితే ఖాతా సరైనది కాదంటారు.

ఎంత జారిపోతోందో 2016-17 కేంద్ర ఆర్థిక సర్వే ఒక అంచనా వేసింది. ఉపగ్రహ చిత్రాల్లో కట్టడాలను లెక్కించి, బెంగళూరు, జైపూర్ నగరాలు వసూలు చేయగలిగిన ఇంటి పన్నులో 5 నుంచి 20 శాతానికి మించి వసూలు చేయడం లేదని చెప్పింది. ఆ తర్వాత వసూళ్ళు పెరిగాయి, 2024లో బకాయిలకు ఒకేసారి పరిష్కారం పథకం పెట్టారు, ఆస్తి రికార్డును ఆన్‌లైన్‌లో ఇచ్చే ఈ-ఖాతా వచ్చింది. ఆస్తి డిజిటల్ లెక్కలోకి ఎక్కిన కొద్దీ దాక్కోవడం కష్టమవుతుంది. ఇళ్ళమీద పన్ను వేయడం సులువని అర్థశాస్త్రం చెప్పే కారణమూ అదే. బంగారాన్ని లాకరులో, డబ్బును ఇంకొకరి పేరు మీద దాచొచ్చు. నాలుగంతస్తుల మేడను ఎక్కడ దాస్తారు?

రేటును భూమి విలువకు నేరుగా ముడిపెడితే జోన్ల గొడవ చాలావరకు పోతుంది. గైడెన్స్ వాల్యూ ఆధారంగా పన్ను వేస్తామని 2024 ఫిబ్రవరిలో బెంగళూరులో ముసాయిదా వచ్చింది. పన్ను ఎగిరిపోతుందనే భయంతో గొడవైంది, అది ముందుకు సాగలేదు. సరిహద్దు దాటితే ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో 2021 నుంచి జరుగుతున్నది దాదాపు అదే. అక్కడ నివాసాలకు పన్ను ఆస్తి విలువలో 0.10 నుంచి 0.50 శాతం మధ్య ఉండాలని చట్టం. బెంగళూరు కోటి రూపాయల ఫ్లాటుకు పైన వేసిన లెక్క ప్రకారం పడేది 0.05 శాతం చిల్లర. తిరుపతిలో 50 లక్షల విలువ కట్టిన ఇంటికి చట్టంలోని అతి తక్కువ రేటు వేసినా 5,000 అవుతుంది. సగం విలువ ఇల్లు, దాదాపు అంతే పన్ను. అయితే పాత పన్ను మీద ఏడాదికి 15 శాతానికి మించి పెరగకూడదనే కట్టు అక్కడుంది. అందువల్ల పాత ఇళ్ళవాళ్ళు పూర్తి రేటుకు చేరడానికి ఏళ్ళు పడుతుంది, కొత్తగా కట్టినవాడు మొదటి ఏడే పూర్తిగా కడతాడు. ముందొచ్చినవాడికి మేలు అనే పాత కథ అక్కడ ఇంకో రూపంలో ఉంది. కానీ కనీసం మెట్లు ఎక్కుతున్నారు.

ఎక్కకుండా కూర్చుంటే ఏమవుతుందో చెన్నై చూపించింది. అక్కడ 1998 తర్వాత ఇంటి పన్ను సవరణ నిలబడలేదు. మధ్యలో ఒకసారి పెంచి మళ్ళీ ఆపేశారు. చివరికి 2022లో పాత నగర ప్రాంతంలో 600 చదరపు అడుగుల లోపు ఇళ్ళకు 50 శాతం, 1,800 దాటినవాటికి 150 శాతం పెంచాల్సి వచ్చింది. చిన్న ఇంటికి తక్కువ, పెద్ద ఇంటికి ఎక్కువ అన్న వరస బాగుంది. కానీ ఇరవై నాలుగేళ్ళ బాకీని ఒక్క ఏడాదిలో అడిగినప్పుడు ఎంత న్యాయమైన వరసైనా దెబ్బలాగే తగులుతుంది. బెంగళూరులో 2016 తర్వాత గడిచిన ఏళ్ళు కూడా అలాగే పోగవుతున్నాయి. పెంచే ధైర్యం లేనప్పుడు పక్కదారిన వస్తారు. 2025 ఏప్రిల్ నుంచి చెత్త రుసుమును ఇంటి పన్నుతో కలిపి వసూలు చేస్తున్నారు, ఇంటి సైజును బట్టి నెలకు 10 నుంచి 400 రూపాయల దాకా. 1,200 అడుగుల ఫ్లాటుకు ఏడాదికి 1,200. మన లెక్కలో పన్ను 5,400 అయితే దాని మీద ఐదో వంతుకు పైగా. దీన్ని పన్ను పెంపు అనరు. 4,000 అడుగులు దాటాక ఎంత పెద్ద ఇల్లయినా 400 దగ్గరే ఆగుతుంది గనక విల్లాలవాళ్ళకు ఇది ఇంకా సులువు.

లెక్కలన్నీ కలిపి చూస్తే, రాష్ట్రం స్టాంపు డ్యూటీ తగ్గించుకుని ఆ మేరకు నగరం ఇంటి పన్ను పెంచుకోవడమే ఈ ఊరికి కావాల్సిన మార్పిడి. ఖాళీ సైటు రేటు కట్టిన ఇంటి రేటు దగ్గరికి రావాలి, ఓనరుకిచ్చే సగం రాయితీ చిన్న ఇళ్ళకు పరిమితం కావాలి. ఇది జరగడానికి ఉన్న అడ్డంకి కూడా ఆ లెక్కల్లోనే ఉంది. స్టాంపు డ్యూటీ తగ్గితే లాభపడేవాళ్ళు ఇంకా ఇల్లు కొననివాళ్ళు. వాళ్ళలో చాలామందికి ఓటు నంద్యాలలోనో ఒంగోలులోనో ఉంది. ఇంటి పన్ను పెరిగితే నష్టపోయేవాళ్ళకు ఓటు ఇక్కడే ఉంది, ఏ వీధిలో ఎవరిని కలవాలో కూడా తెలుసు. అద్దె ఇంటివాడు పదకొండు నెలల అగ్రిమెంటు మీద సంతకం పెట్టి, ఏటా పెరిగే అద్దె కడుతూ, ఆ ఇంటి మీద ఓనరు కడుతున్నది సొంత నివాసం రేటా అద్దె రేటా అన్నది ఎప్పుడూ చూడడు. రసీదు అతని పేరు మీద రాదు.